మూడు సెకన్లు ఆగండి

రాత్రి ఇంట్లో తప్పు లేకుండా చేసిన లెక్కే. తెల్లారి "బోర్డు మీద చెయ్యి" అనగానే కొందరు పిల్లలకు ఒక్క మెట్టూ గుర్తురాదు. చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోతారు. 'వీడికి లెక్కలు రావు' అనే ముద్ర పడిపోతుంది. హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరుగా ఆ ముద్రను నేను ఒప్పుకోను.

లెక్క చేసేటప్పుడు అంకెలు, గుర్తులు, వేసిన మెట్లు, వేయబోయే మెట్టు అన్నీ ఒకేసారి బుర్రలో నిలుపుకోవాలి. ఆ శక్తి ఎంత తెలివైనవాళ్లకైనా పరిమితమే. 'తప్పయితే అందరూ నవ్వుతారు' అనే దిగులు అందులో కొంత లాగేసుకుంటే మిగిలింది లెక్కకు చాలదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ యాష్‌క్రాఫ్ట్ పరిశోధనలు చెప్పింది ఇదే. మన దేశంలో జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం (ఎన్‌సీఎఫ్-2005) కోసం గణిత బోధనపై రాసిన పత్రం కూడా సమస్యల్లో భయాన్ని, ఓడిపోతామన్న భావనను ముందు పెట్టింది.

ధైర్యం చెప్పడం మంచిదే. కానీ మనం ప్రశ్న అడిగే తీరు మారితేనే భయం తగ్గుతుంది. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ తరగతుల్ని గమనించారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సుమారు ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగిన చోట జవాబులు పెద్దవయ్యాయి, మాట్లాడని పిల్లలూ మాట్లాడారు.

తొమ్మిదో తరగతిలోనూ 1/2కి 1/3 కలిపి 2/5 అని రాసేవాళ్లుంటారు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేస్తారు. ఎర్ర సిరాతో కొట్టేస్తే అలా రాసిన పిల్ల పుస్తకం మూసేస్తుంది. అందుకే "అరకి ఇంకొంచెం కలిపితే అర కంటే ఎక్కువ రావాలా, తక్కువ రావాలా అమ్మా?" అని అడిగి ఆగుతాను. 2/5 అర కంటే తక్కువని తనే పట్టుకుంటుంది. తన తప్పు తనే పట్టుకున్న పిల్ల తర్వాతి లెక్కకు వెనకాడదు.

"మన ఇంట్లో ఎవరికీ లెక్కలు రావులే" అని ఊరడించే తల్లిదండ్రులకు, స్లిప్ టెస్టు మార్కులు తరగతి మొత్తానికీ చదివి వినిపించే తోటి టీచర్లకు నా విన్నపం ఒకటే. పిల్లలు తప్పు జవాబు చెబితే, అది ఎలా వచ్చిందో అడగండి. వాళ్లు చెప్పేదాకా ఆగండి. నిదానంగా చేసే పిల్లల్ని మొద్దులనకండి. వేగం వేరు, అర్థం కావడం వేరు.