రాచపుండు, విత్తనం, నేల

క్యాన్సర్‌కి తెలుగులో రాచపుండు అని పాత పేరు. అందుచేత సిద్ధార్థ ముఖర్జీ తన పుస్తకానికి ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’, అంటే రోగాలన్నిటికీ చక్రవర్తి అని పేరు పెడితే మనకి ఆ ఊహ కొత్తగా అనిపించదు. 2010లో వెలువడి, 2011లో పులిట్జర్ బహుమతి పొందిన ఈ గ్రంథం గొప్పదే. అందులో నాకు సందేహం లేదు. అయినా ఒక ఫిర్యాదు ఉంది. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు అని తెలియగానే మనం ముందుగా అడిగే ప్రశ్న, “పాకిందా?” అని. అది ఎలా పాకుతుంది, ఎక్కడికి పడితే అక్కడికి ఎందుకు పాకదు అన్న విషయంలో ఈ పుస్తకం సగం కథే చెబుతుంది.

ఆ సగం మాత్రం అద్భుతంగా చెప్పాడు. జాన్స్ హాప్కిన్స్‌లో 1890లలో పనిచేసిన శస్త్రవైద్యుడు విలియమ్ హాల్‌స్టెడ్ గురించిన అధ్యాయాలు చూడండి. రొమ్ము క్యాన్సర్ పుట్టినచోటు నుంచి చుట్టూ విస్తరిస్తుందని ఆయన నమ్మకం, బట్ట మీద సిరా మరకలాగ అన్నమాట. మరక చుట్టూ ఎంత ఎక్కువ కత్తిరిస్తే అంత మంచిదని, రొమ్ముతోపాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు కూడా తీసేశాడు. కొన్ని తరాల స్త్రీలు ఆ కోతని భరించారు. బెర్నార్డ్ ఫిషర్ 1971లో ప్రారంభించిన ప్రయోగంలో పెద్ద కోతనీ చిన్న కోతనీ పోల్చి చూశారు. 2002లో ప్రచురించిన పాతికేళ్ళ ఫలితాల్లో కూడా పెద్ద కోత వల్ల ఆయుర్దాయం పెరిగిన దాఖలా లేదు. కణాలు అప్పటికే దూరం వెళ్ళిపోతే ఎంత కోసినా అందవు, వెళ్ళకపోతే అంత కోత అక్కరలేదు. ఒక తప్పు ఉపమానం మనుషుల శరీరాల మీద ఎంత పని చెయ్యగలదో చెప్పడంలో ముఖర్జీకి సాటి లేరు.

మన “పాకడం” కూడా అలాంటి ఉపమానమే. తీగ పాకుతుంది, గోడ మీద చెమ్మ పాకుతుంది. పక్కనున్నదాన్ని తాకుతూ పోతుంది. కాని రొమ్ములో పుట్టిన క్యాన్సర్ వెన్నెముకలో తేలినప్పుడు మధ్యలో తాకినదేమీ ఉండకపోవచ్చు. ఒక కణం ఇరుగుపొరుగు కణాల పట్టు విడిపించుకుని, అడుగున ఉన్న పొరని చీల్చుకుని, రక్తనాళంలోకో రసనాళంలోకో దూరాలి. ఆ ప్రవాహంలో బతికి, ఎక్కడో సన్నని కేశనాళికలో చిక్కుకుని, గోడ దాటి బయటపడి, కొత్తచోట వేళ్ళూనాలి. కొన్ని కణాలు అలా చేరి ఏళ్ళ తరబడి నిద్రపోతాయి కూడా. దీన్ని పాకడం అనడం కంటే వలస అనడం నయం. వలస వచ్చిన మనకి ఇంకో విషయం సులువుగా అర్థమవుతుంది: ఊరు మారినా పుట్టుక మారదు. ఇండియా నుంచి ఫోనులో “లివర్‌కి కూడా పాకిందట, ఇప్పుడు లివర్ క్యాన్సర్ కూడానట” అని ఎవరైనా అంటే, అది లివర్ క్యాన్సర్ కాదు, లివర్‌లో కాపురం పెట్టిన రొమ్ము క్యాన్సరే అని చెప్పాలి. వైద్యం కూడా దాని ప్రకారమే.

వలస వెళ్ళిన ప్రతివాడూ స్థిరపడడు కదా! లండన్ వైద్యుడు స్టీఫెన్ పాజెట్ 1889లో లాన్సెట్ పత్రికలో, రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది శవపరీక్షల వివరాలు పరిశీలించి రాశాడు. రక్తం కాలేయానికీ వెళుతుంది, ప్లీహానికీ వెళుతుంది. కాని రెండో కణితి కాలేయంలో తరచు, ప్లీహంలో అరుదు. విత్తనాలు అన్ని దిక్కులకీ పోతాయి, అనువైన నేల మీదే మొలుస్తాయి అన్నాడాయన. 1920లలో అమెరికాలో జేమ్స్ యూయింగ్ దీన్ని ఒప్పుకోలేదు. రక్తం దారి ఎటైతే కణాలూ అటే అన్నాడు. అదీ కొంత నిజమే. పేగుల రక్తం ముందుగా కాలేయానికే చేరుతుంది, పేగు క్యాన్సర్ అక్కడే ఎక్కువగా తేలుతుంది. తరువాత ఐజయ్య ఫిడ్లర్ ఎలుకల రక్తంలోకి క్యాన్సర్ కణాలు ఎక్కించి చూస్తే, వెయ్యింటికి ఒకటి కూడా కణితిగా ఎదగలేదు. అంటే శరీరం ఊరికే చూస్తూ కూర్చోదు. చాలా విత్తనాలని మొలవనివ్వదు.

ముఖర్జీ పుస్తకంలో తగినంత చోటు దొరకనిది ఈ నేలకే. అక్కడ కథంతా విత్తనానిది: దాని జన్యువులు, దాని తెలివి, దాన్ని చంపే మందులు. ఆ మందుల కథలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారు కనిపించడం సంతోషమే. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్, 1976లో ఇటలీలో బొనడొన్నా ప్రకటించిన మూడు మందుల వైద్యంలో ఒకటి. శస్త్రచికిత్స తరువాత ఎక్కడో దాగిన కణాలని వెతికి చంపడానికి ఇచ్చినది. అయితే కథని యుద్ధంగా నడిపితే రోగి శరీరం వట్టి రణరంగం అయిపోతుంది, పోయినవాళ్ళు ఓడిపోయినట్లు ధ్వనిస్తుంది. ఈ భాష గురించి సూసన్ సాంటాగ్ 1978లోనే హెచ్చరించింది. ముఖర్జీకి ఆ సంగతి తెలుసు. తెలిసీ చక్రవర్తిని వదులుకోలేకపోయాడు.

అయితే ఆయన అక్కడే ఆగిపోలేదు. 2017లో న్యూయార్కర్‌లో రాసిన వ్యాసంలో పాజెట్ నేల దగ్గరకి వచ్చాడు. ఎక్కడినుంచో వచ్చి అమెరికా పెద్ద సరస్సులని ఆక్రమించిన జీబ్రా మసెల్ అనే గుల్లపురుగుతో పోల్చి చెప్పాడు. మనవాళ్ళకి వయ్యారిభామ చాలు. అమెరికా ఖండాల్లో పుట్టిన ఆ కలుపు, దాన్ని అదుపుచేసే పురుగూ పుట్రా లేని మన పొలంగట్ల మీద విజృంభించింది. కలుపుని మాత్రమే చూస్తే ఈ సంగతి తెలియదు. వైద్యంలోనూ నేల వైపు చూసే మందులు వచ్చాయి. నెలసరి ఆగిన స్త్రీలలో ఎముకని గట్టిపరిచే మందుల వల్ల రొమ్ము క్యాన్సర్ ఎముకల్లో తిరగబెట్టడం కొంత తగ్గుతుందని 2015లో లాన్సెట్‌లో వచ్చింది. 2018లో ఆలిసన్, హోంజోలకి నోబెల్ తెచ్చిన పరిశోధన కూడా కణితి మీద కాదు, రోగి సొంత రక్షణ కణాలకి పడ్డ కళ్ళెం మీద.

ఈ ఉపమానంలోనూ ఒక ప్రమాదం ఉంది. నేల అనగానే “ఏం తిన్నాడో, ఏం పాపం చేశాడో” అనేవాళ్ళు మనలో తక్కువేం కాదు. పాజెట్ చెప్పిన నేల ఎముక, కాలేయం. మనిషి గుణం కాదు, పూర్వజన్మ కర్మ అంతకన్నా కాదు.

అందుకని పుస్తకాన్నీ, తరువాతి వ్యాసాన్నీ కలిపి చదవమని నా సలహా. చదివినవాళ్ళు ఇంకో పని కూడా చెయ్యాలి. “కత్తి తగిలితే పాకుతుంది” అని బయాప్సీ వాయిదా వేసే పెద్దలు మన కుటుంబాల్లో ఇంకా ఉన్నారు. సూది గుచ్చడం వల్ల క్యాన్సర్ వ్యాపించడం చాలా అరుదు. గుచ్చి చూడకపోతే అది ఏ విత్తనమో తెలియదు, సరైన మందు ఎంచడం కుదరదు. ఈ మాట వాళ్ళకి తెలుగులో విడమరిచి చెప్పవలసింది మనమే.