ఇంటికి వచ్చిన బడి

అంతర్జాలముద్వారా నడచు చదువును గూర్చి వెలువడుచున్న వ్యాసములలో పొగడ్త మెండు, పరిశీలన తక్కువ. బడికి పోజాలనివారికి బడియే యింటికి వచ్చినదని వారి వాదము. వంటపని ముగించుకొన్న గృహిణియు, కూలికి పోవు యువకుడును, నడువలేని బాలుడును తమకు వీలైన వేళ పాఠము వినగలుగుట సామాన్యమైన మేలు కాదు. దానిని నేనును అంగీకరింతును. కాని యా బడి తాళపుచెవి యెవరిచేతిలో నున్నదని అడుగువారు కానరారు.

2022 మే 24వ తేదీని, జిల్లా పేరునకు అంబేద్కరుగారి పేరు చేర్చుటకు వ్యతిరేకముగ అమలాపురమున అల్లరులు చెలరేగెను. మంత్రి యింటికిని శాసనసభ్యుని యింటికిని నిప్పు పెట్టిరి. ప్రభుత్వమువారు కోనసీమయందు అంతర్జాలమును నిలిపివేసిరి. అది వారమునకు మించి రాలేదు. ఇంటినుండి యుద్యోగము చేయువారు సెల్‌ఫోను పలుకు చోటు వెదకికొనుచు గోదావరి గట్లకు బోయిరి. రాజోలు ప్రాంతపు లంకలో కూర్చుండి పరీక్షకు చదువుకొను బాలిక యెక్కడికి పోవును? అల్లరి చేసినవారొకరు, పాఠము పోగొట్టుకొన్నవారు వేఱొకరు.

ఇందొక విపరీతము గలదు. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున వెలసెను. 1991లో దానికి పెట్టిన పేరు అంబేద్కరుగారిదే! ఇంటర్మీడియెటు చదువనివారును ప్రవేశపరీక్ష వ్రాసి పట్టపరీక్షకు చదువుకొనుటకు అది త్రోవ తెఱచెను. చదువు నడుమ మానిన స్త్రీ లెందఱికో అది రెండవ తలుపు. అచ్చుపుస్తకము, రేడియో ప్రసంగము, సెలవుదినములందు అధ్యయనకేంద్రమున అధ్యాపకుని యెదుట కూర్చుండుట - ఒకటి తప్పినను మఱియొకటి మిగిలెడిది. నేటివారు ఈ పొదుపరి యేర్పాటును పాతదని త్రోసివేయుట తొందరపాటు.

ఆ జూలైలోనే గోదావరి పొంగి లంకలు మునిగెను. బడి మూతపడిన అట్టి దినములలో ఇంటి చదువు నిజముగా నక్కఱ. డిసెంబరులో ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు పాఠములు ముందే నింపిన టాబ్లెట్లను పంచెను. వానికి నిత్యము అంతర్జాలము పనిలేదు. ఇది మంచి యాలోచనయే. అయినను లెక్క తెలియక ఆగిపోయిన పిల్లవానికి ఆ పలక బదులు చెప్పునా? విన్నదే మరల వినిపించును.

అమలాపురము, రాజోలు, కొత్తపేట గ్రంథాలయములలో వారమున కొక సాయంకాలము ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినియో కూర్చుండి, ఇంట పాఠము విన్నవారి సందేహములు దీర్చి, చేత నచ్చుప్రతు లుంచి పంపినచో, దానికగు వ్యయము ఆ పలకల వ్యయములో నెన్నవ వంతగును?