లిఫ్టు నడకంతా వాల్వులోనే

హైడ్రాలిక్ లిఫ్టును పైకి నెట్టేది పంపు, కిందికి దించేది క్యాబిన్ బరువు. ఆ రెండింటికీ కళ్లెం వేసేది వాల్వు. కుదుపు లేకుండా బయలుదేరడం, అంతస్తు దగ్గరపడగానే నెమ్మదించడం, గడపకు సమానంగా ఆగడం, ఆగిన చోటే రాత్రంతా జారకుండా నిలవడం ఇవన్నీ రెండు చేతులతో ఎత్తగలిగే ఒక లోహపు దిమ్మలో జరిగే పనులు. ఆ దిమ్మ మంచిదైతే, తలుపు తెరుచుకునేదాకా లిఫ్టు ఆగిన సంగతే లోపలివాళ్లకు తెలియదు.

ఈ విద్య నీటితో పుట్టింది. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1846లో నీటి ఒత్తిడితో క్రేను నడిపాడు. తర్వాత కొన్నేళ్లకే, పెద్ద బరువు మోసే పిస్టన్ కింద నీటిని అదిమి ఉంచే అక్యుములేటర్‌ను వాడుకలోకి తెచ్చాడు. 1867 పారిస్ ప్రదర్శనలో లియోన్ ఎదూ హైడ్రాలిక్ లిఫ్టుతో జనాన్ని పైకెక్కించాడు. 1889లో ఈఫిల్ టవర్ రెండో అంతస్తు నుంచి శిఖరం దాకా వెళ్లిన లిఫ్టు కూడా ఆయనదే. రెండు క్యాబిన్లు ఒకదానికొకటి తూకంగా నడిచేవి, ప్రయాణికులు సగం దారిలో ఒకదాన్నుంచి మరొకదానిలోకి మారేవారు. చలికాలంలో నీరు గడ్డకట్టి ఆపేయాల్సి వచ్చినా, ఆ లిఫ్టు 1983 దాకా పనిచేసింది. అదే టవర్ తూర్పు, పడమర స్తంభాల్లో ఫీవ్-లీల్ సంస్థ 1899లో పెట్టిన హైడ్రాలిక్ యంత్రాంగం, మరమ్మతులతో, నేటికీ జనాన్ని మోస్తోంది. నూట పాతికేళ్లు దాటిన పనితనమది!

అప్పటి వాల్వుల్లో అసలు సమస్య నీరే. నీరు నలగదు, దాని దారిని ఒక్కసారిగా మూస్తే పైపులు దద్దరిల్లుతాయి. అందుకే వాల్వు లోపలి ఇత్తడి గొట్టానికి చిన్న రంధ్రాలు వరుసలుగా తొలిచారు. తోలు బిళ్లలు తొడిగిన పిస్టన్ జరుగుతుంటే ఒక వరుస తర్వాత మరో వరుస మూసుకునేది, ప్రవాహం మెల్లగా సన్నగిల్లేది. క్యాబిన్‌లోంచి వెళ్లే తాడును లాగి ఆపరేటరు ఆ వాల్వును నడిపేవాడు. లిఫ్టుల వేగం, వాల్వుల సైజు పెరిగేసరికి ఆ తాడు లాగడం మనిషి బలానికి మించిపోయింది. అప్పుడు పైలట్ వాల్వు వచ్చింది. చెయ్యి చిన్న వాల్వును కదిపితే చాలు, దానిగుండా వచ్చిన నీటి ఒత్తిడే పెద్ద వాల్వును జరుపుతుంది. ఇంత సొగసైన ఆలోచన యంత్రవిద్యలో అరుదు. నీటి బదులు ఆయిల్‌తో నడిచే నేటి లిఫ్టులు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి.

ఆయిల్ లిఫ్టులో ఆపరేటరు చేతి స్థానంలో, కరెంటుతో పైలట్ వాల్వును కదిపే సొలెనాయిడ్లు ఉంటాయి. జర్మనీలోని హైల్‌బ్రోన్‌కు చెందిన బ్లెయిన్ కంపెనీ ఈవీ 100 వాల్వునే తీసుకుంటే, పైకి వెళ్లడానికి రెండు సొలెనాయిడ్లు, దిగడానికి రెండు. పంపు మొదలైనప్పుడు ఆయిల్ అంతా బైపాస్ దారిలో తిరిగి ట్యాంకుకే వెళ్తుంది. బైపాస్ నెమ్మదిగా మూసుకుంటుంటే ఒత్తిడి పెరిగి, ఒకవైపే దారినిచ్చే చెక్ వాల్వు తెరుచుకుని, ఆయిల్ సిలిండర్‌లోకి చేరుతుంది. ఒక సొలెనాయిడ్‌కు కరెంటు తీయగానే వేగం తగ్గుతుంది, రెండోదానికీ తీస్తే లిఫ్టు ఆగుతుంది. దిగేటప్పుడు పంపుతో పనే లేదు. డౌన్ వాల్వు ఎంత ఆయిల్‌ను వదిలితే అంతే వేగం. కరెంటు పోతే చెక్ వాల్వు, డౌన్ వాల్వు మూసుకుని క్యాబిన్ ఎక్కడిదక్కడ నిలుస్తుంది. చేత్తో తిప్పే వాల్వుతో దాన్ని కింది అంతస్తుకు దించవచ్చు.

ఈ వాల్వుకు 9 స్క్రూలు. బైపాస్‌కు ఒకటి, ఎక్కడానికి నాలుగు, దిగడానికి నాలుగు. వీటిని సరిచేసే మెకానిక్ పనితనం చూసి తీరాలి. గేజి మీద ఒక కన్ను, క్యాబిన్ మీద ఒక చెవి వేసి స్క్రూను పావు వంతు తిప్పుతాడు, లిఫ్టును పంపుతాడు, మళ్లీ అందులో సగం వెనక్కి తిప్పుతాడు. పూర్తి వేగం సెకనుకు 0.63 మీటర్లయితే, గడప దగ్గరికి వచ్చేసరికి అది 0.05 మీటర్ల దాపులకు పడిపోవాలి. యూరప్ ప్రమాణాల ప్రకారం ఆగే చోట తేడా 10 మిల్లీమీటర్లు దాటకూడదు. ఖాళీ క్యాబిన్‌తో, నిండు క్యాబిన్‌తో, చల్లటి ఆయిల్‌తో, వేడెక్కిన ఆయిల్‌తో అన్నిసార్లూ అదే నడక రప్పించినవాడే మొనగాడు.

సిలిండర్ మూతి దగ్గర మరో వాల్వు ఉంటుంది. మామూలు రోజుల్లో దాని ఊసే ఉండదు. పైపు పగిలి ఆయిల్ ఒక్కసారి దూసుకుపోతే, ఆ ప్రవాహమే స్ప్రింగును నొక్కి దారిని మూసేస్తుంది. కరెంటూ అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు. ప్రాణాలు కాపాడే పనిని ఇంత నిరాడంబరంగా చేసే భాగం లిఫ్టులో ఇంకొకటి లేదు.

1996లో కోనె కంపెనీ మెషిన్ రూము అక్కర్లేని తాళ్ల లిఫ్టును తెచ్చాక హైడ్రాలిక్‌కు గిరాకీ తగ్గింది. తూకపు బరువు లేని హైడ్రాలిక్ లిఫ్టు పైకెక్కడానికి కరెంటు ఎక్కువ తాగుతుందన్న మాట నిజమే. కానీ రెండు మూడు అంతస్తుల ఇంట్లో, బరువైన సరుకులెత్తే గోడౌన్‌లో, భవనం నెత్తిన భారం మోపకుండా బరువును నేలకే అప్పగించే లిఫ్టు ఇది. మోటారు వేగాన్ని ఎలక్ట్రానిక్స్‌తో మార్చేస్తే చాలు, మెకానికల్ వాల్వుకు కాలం చెల్లిందనేవారు, బాగా సర్దిన వాల్వు మీద ఒక్కసారైనా ప్రయాణించి ఉండరు.

అసలు ద్రోహం చేస్తున్నవి చవక నకళ్లు. పైకి అదే ఆకారం, అవే స్క్రూలు, అవే స్థానాలు. లోపల పిస్టన్‌కు, రంధ్రానికి మధ్య నునుపు ఉండదు, సీలు నాలుగు నాళ్లకే గట్టిపడుతుంది. రాత్రి ఆగిన లిఫ్టు తెల్లారేసరికి గడప కింద ఉంటుంది. పైకి లాగడానికి మోటారు మాటిమాటికీ లేస్తుంది, ఆయిల్ కాగుతుంది, పల్చబడ్డ ఆయిల్ ఇంకా ఎక్కువ జారుతుంది. ఆ గడప తేడాకే ముసలివాళ్ల కాలు తట్టుకుంటుంది, చక్రాల కుర్చీ ఇరుక్కుంటుంది. హైదరాబాద్‌లో, విజయవాడలో డ్యూప్లెక్స్ ఇళ్లకు లిఫ్టులు పెట్టించుకుంటున్నవారు క్యాబిన్ అద్దాలు, లైట్లు చూసి మురిసిపోతారే గాని, వాల్వు ఎవరు తయారుచేశారని అడగరు. అడగాలి. నిండు బరువుతో నడిపి చూపించమనాలి. ఒక రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున గడప దగ్గర స్కేలు పెట్టి కొలవాలి. సర్దిన స్క్రూల స్థానాలు కాగితం మీద రాయించుకోవాలి, ఫిల్టరు మార్చే గడువు కూడా అందులోనే ఉండాలి. పైపు పగిలితే మూసుకునే వాల్వును పరీక్షించి చూపించాకే చివరి బిల్లు చెల్లించాలి.