నల్లజాతి సాహిత్యములో కేశ ప్రసక్తి

మన ప్రబంధములలో నాయికను వర్ణింపబూనిన కవి తరచుగా శిరోజములతో ఆరంభించును. తుమ్మెదల బారులు, కారుమబ్బులు, కటికచీకట్లు మున్నగు ఉపమానములు మనకు కంఠస్థములు. ఈ అలవాటుతో నల్లజాతి రచయితల నవలలు చేతబట్టినవారు, అందు జుట్టు మాటిమాటికి ప్రస్తావనకు వచ్చుట చూచి, ఇదియు వర్ణనమే గదా యని పుటలు త్రిప్పుదురు. మేమును తొలుత అట్లే త్రిప్పితిమి. మరల చదివినపుడు గాని మా పొరపాటు మాకు తెలియలేదు. ఆ సాహిత్యమున జుట్టు అలంకారము కాదు. ఒకరి శిరస్సుపై మరొకరి ఆజ్ఞ ఎంతవరకు చెల్లును అను ప్రశ్న. రాయబారమునకు బయలుదేరు కృష్ణునికి ద్రౌపది తన కురులను చూపిన ఘట్టమున తిక్కన జుట్టును వర్ణన వస్తువుగా గాక సాక్ష్యముగా నిలిపెను. ఆ ఘట్టము నెరిగిన మనము ఈ సాహిత్యమును సరిగా చదువలేకపోవుటకు కారణము లేదు.

ముందుగా ఆ జుట్టు స్వభావము కొంత తెలిసికొనవలెను. వెంట్రుక పుట్టు కుదురే వంపు తిరిగి యుండుటచే అది బిగువైన చుట్టలుగా పెరుగును. తలలో ఊరు నూనె ఆ చుట్టల వెంట కొనవరకు సులభముగా ప్రాకదు. అందుచే అది త్వరగా పొడిబారును, దువ్వెనకు తెగును. పాయలు తీసి మాడు నంటి సన్నజడలుగా అల్లుట, నూనె పట్టించుట, రాత్రి గుడ్డతో కప్పుట, ఇవన్నియు ఆ స్వభావము నెరిగినవారి విద్యలు. అట్టి జుట్టును పాయలుగా చుట్టి దువ్వక ఉంచినచో, రాలిన వెంట్రుకలు క్రింద పడక తోటి వెంట్రుకలతో పెనవేసికొని కొన్ని నెలలకు త్రాళ్ళవలె గట్టిపడును. అవే లాక్సు. అవి కడుగని తలకు గుర్తులని పలువురు తలచుచున్నారు. అది సత్యము కాదు. వానిని పెంచువారు తలస్నానము మానరు. క్రొత్తగా పెరిగిన మొదళ్ళను అరచేతులతో నలిపి చుట్టుచుందురు. ఓర్పు లేనివారికి ఆ జుట్టు దక్కదు.

పశ్చిమాఫ్రికాలోని పెక్కు జాతులలో జడ యల్లిన తీరును బట్టి వయస్సు, వివాహము, అంతస్తు తెలియుచుండెడివి. యోరుబా వారికి శిరస్సు మనిషి భాగధేయమునకే నెలవు. ఆ మనుష్యులను బానిసలుగా పట్టి ఓడల కెక్కించినవారు పలుచోట్ల మొదట వారి తలలు గొరిగించిరి. పేరు, ఊరు, కులము తెలుపు గుర్తు అక్కడనే పోయినది. 1786లో స్పెయిను పాలనలో నున్న లూసియానాకు గవర్నరైన ఎస్తెబాన్ మీరో, న్యూ ఆర్లియన్సులోని స్వతంత్రులైన నల్లజాతి స్త్రీలు తమ జుట్టును రుమాలుతో కప్పుకొనవలెనని శాసించెను. వారు శాసనమును పాటించిరి. కాని మేలైన వస్త్రములు తెచ్చి, రంగురంగుల ముడులు వేసి, ఆ రుమాలునే శోభగా మార్చిరి. పాటించుచునే ధిక్కరించుట ఎట్లో తెలియగోరువారు ఈ చిన్న కథను జ్ఞాపకముంచుకొనవలెను.

లాక్సునకు లోకప్రసిద్ధి తెచ్చినది జమైకా ద్వీపము. 1930లో హైలీ సెలాసీ ఇథియోపియా చక్రవర్తిగా అభిషిక్తుడైన పిమ్మట, అతనిని దైవముగా భావించిన రాస్తాఫారీ మతము అచ్చట బయలుదేరెను. బైబిలు సంఖ్యాకాండము 6వ అధ్యాయములో వ్రతము పట్టినవాని తలకు మంగలికత్తి తగులరాదని యున్నది. దానిని ప్రమాణముగా గొని ఆ మతస్థులలో పలువురు జుట్టు కత్తిరింపక పెంచిరి. దానికి 'డ్రెడ్‌లాక్సు' అని పేరు. అందలి మొదటి మాటకు భయమని అర్థము. వారు దానిని దైవభీతిగా గ్రహించి గౌరవముతోనే వాడుకొనిరి. నేడు పలువురు ఆ భయమును విడిచి లాక్సు అనియే అనుచున్నారు. 1963 ఏప్రిల్ నెలలో కోరల్ గార్డెన్సు అల్లర్ల పిమ్మట పోలీసులు రాస్తాఫారీలను పట్టి కొట్టి, వారి జుట్టు కత్తిరించిరి. 2017లో జమైకా ప్రధాని ఆండ్రూ హోల్నెస్ ఆ దౌర్జన్యమునకు ప్రభుత్వపక్షమున క్షమాపణ చెప్పెను.

ఇచ్చట మనవారికి ప్రియమైన వాదమొకటి కలదు. 1845 నుండి భారతీయ కూలీలు జమైకాకు పోయిరి గదా, 'గంజాయి'కి అచ్చటివారు వాడు గాంజా అను మాట మనదే గదా, కావున ఆ జటలును మన సాధువుల జటలే యని. కొందరు పండితులు అట్టి ప్రభావమును ఊహించినమాట నిజము, అది వివాదగ్రస్తము. 1950లలో కెన్యాలో తెల్లవారిపై పోరాడిన మావ్ మావ్ యోధులు అడవులలో అట్టి జుట్టుతోనే యుండిరి. సెనెగలులో బాయ్ ఫాల్ అను ముస్లిము భక్తులు నేటికిని ధరించుచున్నారు. పరుల శిరస్సుపై నున్నదెల్ల మననుండి పోయినదే యనుట అభిమానము కావచ్చును గాని విమర్శ కాదు.

ఇక గ్రంథములకు వత్తము. జోరా నీల్ హర్‌స్టన్ 1937లో ప్రకటించిన 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' నవలలో నాయిక జానీ. ఆమె రెండవ భర్త జో స్టార్క్స్, నల్లవారే పాలించుకొను ఈటన్‌విల్ పట్టణమునకు మేయరు, అంగడి యజమాని. ఒకనాడు అంగడిలో ఒకడు ఆమె జడకొనను చాటుగా తాకుట అతడు చూచెను. నాటినుండి ఆమె అంగడిలో తలగుడ్డ విప్పరాదని ఆజ్ఞ. కారణము ఆమెకు చెప్పడు. న్యూ ఆర్లియన్సులో తెల్ల గవర్నరు చేసిన శాసనమును ఇచ్చట నల్ల భర్త చేయుట గమనింపుడు. అతడు మరణించిన క్షణమున ఆమె అద్దము ముందర నిలిచి జుట్టు విప్పి చూచుకొనును. మరల ముడిచి, ముఖము సవరించుకొని, బయటకు వచ్చి మరణవార్త తెలుపును. పిమ్మట తలగుడ్డలన్నియు కాల్చివేయును. రచయిత్రి ఒక్క వ్యాఖ్యయైనను చేయదు. విధవ తలపై లోకమునకు గల పెత్తనమును మన కందుకూరి వీరేశలింగము కాలమునుండి చర్చించుచున్న మనకు, ఈ అద్దము ముందరి ఘట్టము చదివిన పిమ్మట వ్యాఖ్య అవసరమని తోచదు.

అయినను ఒక లోపము చెప్పక తప్పదు. జానీ జుట్టు నడుము దాటు నిడుపైన జడ. తెల్లరక్తము కలిసిన వంశమున వచ్చినది. ఊరివారు మెచ్చుకొనునది ఆ పొడవునే. శ్రీమతి టర్నరు అను పాత్ర ద్వారా రచయిత్రి తెల్లదనమును పూజించువారిని ఎగతాళి చేసినది గాని, కథానాయిక కట్టి జుట్టు నిచ్చుటలో తానును ఆ మోహమునుండి పూర్తిగా తప్పుకొనలేదు. బిగువైన చుట్టల జుట్టు గల స్త్రీ నాయిక యగుటకు ఆ నవలలో చోటు దొరకలేదు.

ఆ చోటును చీమమాండా న్గోజీ అడీచీ 2013లో వెలువడిన 'అమెరికానా' నవలలో కల్పించినది. నైజీరియా నుండి వచ్చిన ఇఫెమెలూ, ప్రిన్స్‌టన్‌లో జడలల్లువారు లేక, రైలెక్కి ట్రెంటన్‌కు పోవుటతో కథ మొదలగును. ఆమె తల అల్లించుకొను కొన్ని గంటలలో జీవితమంతయు మన ముందర విప్పబడును. ఈ కూర్పు ఎంత సహజమో ఆడపిల్లలకు జడలు వేసినవారికి తెలియును. చేతులు పనిచేయుచుండగా నోరు ఊరకుండదు గదా. ఉద్యోగపు ఇంటర్‌వ్యూకు పోవుటకై ఇఫెమెలూ మందుతో జుట్టు సాగదీయించుకొనును. మాడు కాలును, ఉద్యోగము దొరకును, కొన్నాళ్ళకు కణతల వద్ద జుట్టు ఊడును. కత్తిరించుకొని, ఆ పొట్టిజుట్టుతో కార్యాలయమునకు పోవుటకు సిగ్గుపడి ఇంటనే కూర్చుండును. తన జుట్టును తాను చూచి సిగ్గుపడు స్థితి తనలో ఎచ్చటనుండి వచ్చెనని ఆమె అడుగుకొనుటయే నవలకు ఆయువుపట్టు. ఆమె తల్లి, మతావేశమున, తన ఒత్తైన జుట్టును కత్తిరించి కాల్చివేసిన ఘట్టమును ఇదే గ్రంథమున గలదు. అనగా జుట్టు విడుచుటయు, పెంచుటయు దానంతట మేలు గాని కీడు గాని కాదు. ఎవరి మాటపై అను ప్రశ్నయే ముఖ్యమని రచయిత్రి ఎరుగును. అచ్చటచ్చట కథను ఆపి ఉపన్యసించుట ఈ నవలకు గల దోషము. హర్‌స్టన్ మౌనమున సాధించినది ఈమె మాటలలో చెప్పును. కాని చెప్పవలసిన అవసరము మిగిలి యుండుట ఈమె తప్పు కాదు.

మూడవది చలనచిత్రము. 2009లో వచ్చిన 'గుడ్ హెయిర్' అను యథార్థచిత్రమున హాస్యనటుడు క్రిస్ రాక్ వ్యాఖ్యాత; జెఫ్ స్టిల్‌సన్ దర్శకుడు. తన జుట్టు ఎందుకు మంచిది కాదని చిన్ని కూతురు అడిగిన ప్రశ్నతో చిత్రము పుట్టినది. జుట్టు సాగదీయు మందులో వాడు కాస్టిక్ సోడాలో అల్యూమినియపు డబ్బా కరిగిపోవుట చూపిన దృశ్యము మరపురానిది. నల్లజాతివారి వెంట్రుకల సంచి పట్టుకొని అంగళ్ళు తిరిగిన కొనువాడు లేకపోవుట మరియొకటి, నవ్వించుచునే గుచ్చును. కాని చిత్రము క్రమముగా సవరములకు డబ్బు పోయు స్త్రీలను చూచి నవ్వుటలో పడి, ఆ కూతురి ప్రశ్నను మరచిపోవును. మంచి జుట్టు అను తూకపురాయిని ఎవరు పెట్టిరని గట్టిగా అడుగదు. లాక్సు ధరించి తలయెత్తి తిరుగు స్త్రీలకు ఇందు దక్కిన చోటు స్వల్పము.

ఈ చిత్రము మనలను నేరుగా తాకు తావు ఒకటి కలదు. క్రిస్ రాక్ మన దేశమునకు వచ్చి, భక్తులు దేవునికి జుట్టు సమర్పించుట చూపును. తిరుమల కళ్యాణకట్టలో తలనీలాలిచ్చిన కుటుంబములు మనలో లేనిదెచ్చట? దేవస్థానము ఆ వెంట్రుకలను వేలము వేయును. నిడుపైనవి సవరములుగా, విగ్గులుగా సముద్రములు దాటును. మనము అహంకారమును విడిచితిమని గుండు చేయించుకొని వచ్చిన జుట్టే, అచ్చట ఒక స్త్రీ ఉద్యోగమునకై, మర్యాదకై ధరింపవలసిన వస్తువగుచున్నది. సరదాకు ధరించువారును కలరు; సవరమును మన నాయనమ్మలును వాడిరి. కాని సరదాకు, నిర్బంధమునకు గల భేదమును చిత్రము విడమరచలేదు.

నిర్బంధము కల్పితము కాదు. సన్నజడలు నిషేధించిన ఒక విమానసంస్థపై ఉద్యోగిని తెచ్చిన దావాను 1981లో న్యూయార్కు న్యాయస్థానము త్రోసిపుచ్చెను. లాక్సు కత్తిరింపనన్నందుకు ఉద్యోగము కోల్పోయిన మరియొక స్త్రీకి 2016లో అప్పీలు న్యాయస్థానమును న్యాయము చేయలేదు. కేశరచన మార్చుకొనదగినది గనుక జాతిలక్షణము కాదని తీర్పు. 2019లో కాలిఫోర్నియా 'క్రౌన్ చట్టము' చేసి ఇట్టి వివక్షను నిషేధించెను. పిమ్మట ఇరువదికి పైగా రాష్ట్రములు అనుసరించెను. టెక్సాస్‌లో 2023 సెప్టెంబరు 1న చట్టము అమలునకు వచ్చిన నెలలోనే ఒక పాఠశాల లాక్సు గల బాలుని తరగతికి దూరము చేసెను. నిషేధము జుట్టు తీరుపై కాదు, పొడవుపై యని పాఠశాల వాదన. 2024 ఫిబ్రవరిలో న్యాయాధిపతి దానిని అంగీకరించెను. శాసనము మారినను తూకపురాయి మారలేదని మన రచయిత్రులు ముందే గ్రహించిరి.

పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనము ఈ గ్రంథములు ఏల చదువవలెనని అడుగుదురేమో. మన కష్టము వారి కష్టము కాదు. మనలను సంకెలలతో తెచ్చినవారు లేరు. పోలిక తెచ్చుట అవివేకము. కాని బడిలో తన మాట విని తోటిపిల్లలు నవ్విరని ఇంట తెలుగు మాటాడ మానిన పిల్లను మనలో పలువురు చూచియేయున్నారు. పరుల కొలతతో తన్ను తాను కొలుచుకొని సిగ్గుపడుట ఏమో ఆ పిల్లకు కొంత తెలియును. ఇఫెమెలూ ఆమెకు అపరిచిత కాదు.

మరియొక కారణము ఇంకను ముఖ్యము, చెప్పుటకు కష్టము. మన ఇండ్లలోనే రింగుల జుట్టు పిల్లను మేనత్తలు, పెద్దమ్మలు ఏ పేరులతో పిలుచుచున్నారో విని యున్నాము. అమెరికాలో నున్న బిడ్డలను చూడబోయి వచ్చిన పెద్దలు అచ్చటి నల్లవారి తలలను గూర్చి పలుకు మాటలును విని యున్నాము. ఆ మాటలు పలుకు నోటితోనే మనకు జరిగిన అవమానములను సభలలో చెప్పుకొనుట పొసగదు.

మన పిల్లలు ఈ నవలలను ఆంగ్లమున చదువుచున్నారు. తల్లి జడ వేయుచుండగా వారిలో ఒకతె, ఎవరి జుట్టు మంచిదమ్మా యని అడుగవచ్చును. ఆ ప్రశ్నను నవ్వి త్రోసివేయక సమాధానము చెప్పుటకైనను పెద్దలు ఆ పుస్తకములను ముందుగా చదివియుండుట మేలు.