పృచ్ఛకుడు వేసే ముడి

కలం కదలడం లేదని వాపోయే రచయితకు అందరూ చెప్పే మాట ఒకటే: తోచినప్పుడే రాద్దువుగాని, తొందరేముంది? అష్టావధానికి ఆ వెసులుబాటు లేదు. ఎదురుగా ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకులు, వాళ్ల వెనక నిండు సభ. తోచినా తోచకపోయినా పద్యం నోట రావాల్సిందే. గోదావరి జిల్లాలు ఈ అవధాన విద్యకు పెట్టింది పేరు. యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) తిరుపతి వేంకట కవులై సంస్థానాలన్నీ చుట్టి, శతావధానాలతో పండితులకే పరిమితమైన ఈ విద్యను జనం వేడుకగా మార్చారు.

నిజానికి రాసేవాణ్ని భయపెట్టేది ‘ఏం రాయాలి?’ అన్న ప్రశ్నే. పృచ్ఛకుడు దాన్ని అవధాని నెత్తిన లేకుండా తీసేస్తాడు. బదులుగా ఒక ముడి వేస్తాడు. విప్పే పనిలో పడ్డాక బెంగపడే తీరిక ఎక్కడిది?

సమస్యాపూరణమే చూడండి. ‘సీత రావణుని పెండ్లాడె’ అని ఒక పృచ్ఛకుడు ఇచ్చాడనుకుందాం. వినగానే అపచారం అనిపిస్తుంది. అవధాని ముందు రెండు ప్రశ్నలు చేరుస్తాడు: జనకుని కూతురెవరు? మండోదరి ఏం చేసింది? మొదటిదానికి జవాబు ‘సీత’, రెండోదానికి ‘రావణుని పెండ్లాడె’. దీన్ని క్రమాలంకారం అంటారు. పృచ్ఛకుడి పాదంలో ఒక్క అక్షరమూ మారలేదు, దోషం మాత్రం ఎగిరిపోయింది. ఆకాశవాణి ఇలాంటి సమస్యలు శ్రోతలకే ఇచ్చి పూరణలు రప్పించుకునేది. దాంతో ఎందరో గృహిణులకూ గుమాస్తాలకూ పద్యం రాయడం అలవాటైంది.

నిషిద్ధాక్షరి మరీ చిలిపిది. అవధాని ‘రా’ అనగానే పృచ్ఛకుడు ‘మ’ వద్దంటాడు. అవధాని ‘రాఘవ’ వైపు మళ్లుతాడు. ఫ్రెంచి రచయిత జార్జ్ పెరెక్ తమ భాషలో అడుగడుగునా వచ్చే ‘e’ అక్షరం లేకుండా 1969లో ఏకంగా నవలే రాశాడు. అయితే ఏ అక్షరం మానాలో ఆయనకు ముందే తెలుసు. ఇక్కడ అదీ తెలియదు.

దత్తపదిలో కారు, లారీ అనే మాటలిచ్చి, వాటితో రామాయణం చెప్పమంటే ‘కారుమబ్బు’లో కారు దాక్కుంటుంది, ‘ఏలా రీతి’లో లారీ.

ఇంకో కిటుకు ఉంది. చాలా అంశాల్లో అవధాని ఒక విడతకు ఒక్క పాదమే చెప్పి పక్క పృచ్ఛకుడి దగ్గరికి వెళతాడు. నాలుగు విడతలకు గాని పద్యం పూర్తికాదు, చివర్లో ధారణలో అన్నీ ఒప్పజెప్పాలి. ఒకే పద్యం దగ్గర చతికిలబడే ప్రమాదం లేదు. నవలలో అయిదో అధ్యాయం దగ్గర ఆగిపోయినవాళ్లు ఆలోచించదగ్గ పద్ధతి ఇది. మధ్యలో అప్రస్తుత ప్రసంగి పిచ్చి ప్రశ్నలతో ధ్యాస చెదరగొడుతుంటాడు. ఇంట్లో కూర్చుని రాసుకునేవాళ్లకు అతన్ని వేరే పిలవక్కర్లేదు, జేబులోని ఫోను చాలు.

అవధాన పద్యాలన్నీ గొప్ప కవిత్వం కావు. చప్పట్లతోపాటే మరుగున పడినవి ఎక్కువ. కానీ ఆ సభల్లో అబ్బిన ధార తిరుపతి వేంకట కవుల నాటకాలైన పాండవోద్యోగ విజయాలకు పనికొచ్చింది. ఆ నాటకాల పద్యాలను అక్షరం రానివాళ్లు కూడా హార్మోనియం శ్రుతిలో రాగం తీసి పాడారు. తిరుపతిశాస్త్రి పోయాక వేంకటశాస్త్రి కలం ఆగలేదు. మరో ముప్పై ఏళ్లు రాశారు, జంట పేరునూ వదల్లేదు.