మేనమామ పోలిక

మొన్న ఆదివారం అన్నయ్య కొడుకు కొత్త మ్యాక్ చంకన పెట్టుకొచ్చి, "బాబాయ్, నీ స్క్రిప్ట్ పనిచెయ్యట్లేదు" అన్నాడు. ఏళ్ల తరబడి మా ఇంటి ఫొటోలను బ్యాకప్ తీసిన స్క్రిప్ట్! జాబితాలో మొదటి ఫోల్డర్ అడిగితే ఖాళీ వస్తోంది. అరగంటకు గానీ వెలగలేదు. వాడు దాన్ని ఫైల్‌గా నడపకుండా టెర్మినల్‌లో అతికించాడు. 2019లో కాటలినాతో ఆపిల్ తన డిఫాల్ట్ షెల్‌ను బ్యాష్ నుంచి జెడ్ షెల్‌కు మార్చింది. బ్యాష్‌లో అర్రే లెక్క సున్నాతో మొదలు, జెడ్‌లో ఒకటితో.

నా పక్షపాతం పాత పాఠకులకు తెలిసిందే: షెల్ అంటే బోర్న్ వంశమే. 1979లో ఏడో యూనిక్స్‌తో బెల్ ల్యాబ్స్ స్టీఫెన్ బోర్న్ మొదలుపెట్టిన ఇంటిపేరు అది. కార్న్, బ్యాష్, డ్యాష్ అందరూ ఆ ఇంటివాళ్లే. ఆయనకు ఆల్గాల్ భాష పిచ్చి. ‘ఇఫ్’ అక్షరాలు తిరగేసి రాస్తే అదే దానికి ముగింపు, ‘కేస్’కీ అంతే. ‘డూ’ను తిరగేద్దామంటే ఆ పేరుతో అప్పటికే ఒక కమాండ్ ఉంది. అందుకే ‘డన్’తో సరిపెట్టాడు.

ఇక సీ షెల్ అంటే నాకు కాలేజీ ల్యాబే గుర్తొస్తుంది. కంపైలర్ చూపే తప్పులను మాత్రమే ఫైల్‌లోకి పంపాలి. బోర్న్‌లో 2> చాలు. సీ షెల్‌లో తప్పులు, మామూలు అవుట్‌పుట్ రెండూ కలిసే పోతాయి. ఎన్ని తంటాలు పడ్డా కుదరలేదు. అసిస్టెంట్ తాళాలు గలగలలాడిస్తూ వచ్చి, కమాండ్‌ను బ్రాకెట్లలో పెట్టి, మామూలు అవుట్‌పుట్ లోపలే మళ్లించి, మిగిలింది బయట పట్టమన్నాడు. పని జరిగింది గానీ ఆ షెల్ మీద కోపం మాత్రం ఇవాళ్టికీ పోలేదు.

ఈ వారం జెడ్‌ను దులిపేద్దామనే కూర్చున్నాను. వాడి మ్యాక్ సరిచేస్తుంటే నా వేళ్లే నన్ను పట్టించాయి. పాత కమాండ్ మళ్లీ నడపడానికి !!, హోమ్‌కు ~, ఎలియాస్‌లు, పనిని మధ్యలో ఆపే కంట్రోల్-జెడ్: ఇవన్నీ బర్కిలీలో బిల్ జాయ్ మొదలుపెట్టిన సీ షెల్ సొత్తే. ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో ‘హోమ్’, ~ ఒకే మీట మీద ఉండేవి. నేను నెత్తిన పెట్టుకున్న బ్యాష్‌కు ఇంటిపేరు బోర్న్‌ది, పోలికలు మేనమామవి. అన్నట్టు, సీ షెల్ కూడా ఒకటి నుంచే లెక్కపెట్టేది.

"మొదటిది ఒకటోదే కదా బాబాయ్, నీకు సున్నా ఎందుకు?" అన్నాడు వాడు.

కాఫీ పెట్టించుకురమ్మని లోపలికి పంపాను.