మూత పడకముందే పరీక్ష: టర్బో 350 గేర్‌బాక్స్ పనితనం

ఇంజన్ విప్పడానికి వెనకాడని మెకానిక్ కూడా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. బ్రేకులు మార్చేవాడు, మాన్యువల్ గేర్‌బాక్స్ దించి క్లచ్ ప్లేటు వేసేవాడు సైతం ఇది మాత్రం స్పెషలిస్టు పని అంటాడు. అలాంటి పనిని అమెరికాలో పాత కార్ల మీద ప్రేమున్న మామూలు మనుషులు దశాబ్దాలుగా సొంత ఇంటి గ్యారేజీల్లో చేసుకుంటున్నారు. వాళ్లలో చాలామందికి తొలి పాఠం నేర్పింది జనరల్ మోటార్స్ తయారుచేసిన టర్బో హైడ్రామాటిక్ 350. దాన్ని విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించే తీరును శ్రద్ధగా గమనిస్తే చేతిపని మీద గౌరవం రెట్టింపవుతుంది. యంత్రాన్ని గీసినవాళ్ల పనితనం ఒకటైతే, దాన్ని నిలబెడుతున్న చేతుల పనితనం రెండోది.

ఈ గేర్‌బాక్స్ 1969 మోడల్ కార్లతో వచ్చింది. షెవర్లే, బ్యూక్ విభాగాలు కలిసి రూపొందించాయి. అంతకుముందు షెవర్లేలో ఎక్కువగా ఉన్న రెండు గేర్ల పవర్‌గ్లైడ్ స్థానాన్ని మూడు గేర్లతో ఇది క్రమంగా తీసుకుంది. కమారో, నోవా, షెవెల్ కార్లలో, పికప్ ట్రక్కుల్లో 1980ల మొదటి వరకు లక్షల సంఖ్యలో తిరిగింది. దీని వెనక పెద్ద వంశమే ఉంది. ఇంజన్ శక్తిని నూనె ద్వారా అందించే టార్క్ కన్వర్టర్‌ను ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ ఓడల కోసం కనిపెట్టాడు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కార్లలో వచ్చిన హైడ్రామాటిక్, భారీగా తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్. దాని రూపకల్పన బృందానికి నాయకుడు ఎర్ల్ థాంప్సన్. మాన్యువల్ గేర్లు కరకరలాడకుండా కలిసే సింక్రోమెష్ పద్ధతి కూడా ఆయన చలవే. టర్బో 350 లోపలున్న గేర్ల అమరిక హోవర్డ్ సింప్సన్ అనే ఇంజనీరుది. రెండు ప్లానెటరీ గేర్ సెట్లకు ఒకే సన్ గేర్ పెట్టి మూడు ముందు గేర్లు, ఒక రివర్స్ రాబట్టిన పొదుపైన ఆలోచన అది.

ఈ పెట్టెలో కంప్యూటర్ లేదు, వైరింగుతో పని లేదు. ఎప్పుడు గేరు మార్చాలో నూనె ఒత్తిడే తేలుస్తుంది. వెనక షాఫ్టుతో పాటు తిరిగే గవర్నర్, కారు వేగం పెరిగేకొద్దీ ఒక దారిలో ఒత్తిడి పెంచుతుంది. ఇంజన్ వాక్యూమ్‌కు కలిపిన మాడ్యులేటర్, డ్రైవరు కాలితో ఎంత గట్టిగా నొక్కుతున్నాడో దాన్ని బట్టి ఇంకో దారిలో ఒత్తిడి పెంచుతుంది. ఈ రెండింటి మధ్య వేలెడంత షిఫ్ట్ వాల్వ్ ఉంటుంది. ఒకవైపు గవర్నర్ ఒత్తిడి. ఎదురువైపు స్ప్రింగు, దానికి తోడు మాడ్యులేటర్ ఒత్తిడి. గవర్నర్ గెలిచిన క్షణాన వాల్వ్ జరుగుతుంది, నూనెకు కొత్త దారి తెరుచుకుంటుంది, ఒక క్లచ్ పట్టుకుంటుంది, కారు రెండో గేరులోకి వెళుతుంది. మెల్లగా నడిపితే గేరు తొందరగా పడటానికి, తొక్కి నడిపితే ఆలస్యంగా పడటానికి కారణం ఈ ఒత్తిళ్ల తూకమే.

మంచి పనివాడు స్పానర్ పట్టకముందే ఈ తర్కంతో జబ్బు కనిపెడతాడు. ముందుకు నడిచే మూడు గేర్లకూ ఫార్వర్డ్ క్లచ్ కావాలి. రెండో గేరులో దానికి ఇంటర్మీడియట్ క్లచ్, మూడో గేరులో డైరెక్ట్ క్లచ్ తోడవుతాయి. రివర్స్‌కు డైరెక్ట్ క్లచ్, లో-రివర్స్ క్లచ్ కలిసి పనిచేస్తాయి. అందుకే మూడో గేరూ రివర్సూ రెండూ జారుతుంటే అనుమానం ముందు డైరెక్ట్ క్లచ్ మీదికి పోతుంది. రివర్స్ బాగుండి ముందుకు అసలు కదలకపోతే ఫార్వర్డ్ క్లచ్‌ను చూడాలి. న్యూట్రల్‌లో పెట్టినా కారు ముందుకు పాకుతుంటే ఆ క్లచ్ ప్లేట్లు విడివడటం లేదని అర్థం. పొగగొట్టం నుంచి తెల్లటి పొగ వస్తూ, గేర్‌బాక్స్ నూనె బొట్టు కారకుండానే తగ్గిపోతుంటే మాడ్యులేటర్ లోపలి పొర చిరిగి ఆ నూనెను ఇంజన్ పీల్చుకుంటోందన్నమాట. అప్పుడు మాడ్యులేటర్ ఒక్కటి మారిస్తే చాలు, గేర్‌బాక్స్ దించే పనే ఉండదు. అవసరం లేనిదాన్ని విప్పకుండా వదిలేయడం కూడా పనితనమే.

దించక తప్పనప్పుడు మొదట చూడాల్సింది ప్రాణరక్షణ. ఖాళీ గేర్‌బాక్స్ బరువే సుమారు 55 కిలోలు, కన్వర్టర్ బరువు దానికి అదనం. కారును జాకీ మీద వదలకుండా గట్టి స్టాండ్ల మీద నిలబెట్టి, పెట్టెను గొలుసుతో ట్రాన్స్‌మిషన్ జాకీకి కట్టి దించుతారు. తర్వాత అడుగున ఉన్న పళ్లెం విప్పుతారు. అసలు కథ చెప్పేది అక్కడ మిగిలిన మడ్డే. సన్నని బూడిదరంగు పేస్టు కొద్దిగా ఉంటే అది మామూలు అరుగుదల. నల్లటి పొడి, మాడిన వాసన ఉంటే క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. మెరిసే లోహపు ముక్కలు కనిపిస్తే ఏదో బుష్ గానీ గేరు గానీ అరిగిపోయింది, ప్రతి భాగాన్నీ వెతకాల్సిందే.

ఇక విప్పే క్రమం. ముందు ఆయిల్ పంపు, తర్వాత ఇంటర్మీడియట్ క్లచ్ ప్లేట్లు, డైరెక్ట్ క్లచ్ డ్రమ్ము, ఫార్వర్డ్ క్లచ్, గేర్ సెట్లు, చివరగా లో-రివర్స్ క్లచ్. నిలకడగల పనివాడి బల్ల మీద ఈ భాగాలన్నీ పెళ్లి బంతిలో విస్తళ్లు పరిచినట్టు వరుసగా, వచ్చిన క్రమంలో, వచ్చిన ముఖం పైకి ఉండేలా కనిపిస్తాయి. ప్రతి దశలో ఫోటో ఉంటుంది. థ్రస్ట్ వాషరు ఏ వైపు నుంచి వచ్చిందో చీటీ ఉంటుంది. పక్కన ఏటీఎస్‌జీ రిపేరు మాన్యువలో, రాన్ సెషన్స్ ఈ గేర్‌బాక్స్ గురించే రాసిన హ్యాండ్‌బుక్కో తెరిచి ఉంటుంది. గుర్తుంటుందిలే అన్న ధీమాకు ఆ బల్ల మీద చోటు లేదు.

శుభ్రత ఈ పనిలో సగం. ఒక నూలు పోగు వాల్వ్ బోరులో ఇరుక్కుంటే గేరు పడదు. అందుకే పీచు ఊడే గుడ్డలు వాడరు. కడిగిన భాగాలను గాలితో ఆరబెడతారు. షిఫ్ట్ వాల్వులు ఉండే వాల్వ్ బాడీ దగ్గర పరీక్ష చాలా అందంగా ఉంటుంది. కడిగి ఆరబెట్టిన వాల్వ్‌ను దాని బోరులో పెట్టి వంచితే తన బరువుకే తాను మెత్తగా జారాలి. జారకపోతే వేలితో నెట్టరు. మళ్లీ కడిగి, గరుకు ఎక్కడుందో వెతుకుతారు. దాంతో పాటు పనిచేసే నాలుగు చిన్న ఉక్కు గోళీలు, నూనె దారులను తెరుస్తూ మూస్తూ ఉండేవి, తమ తమ గుంటల్లోనే ఉండాలి. ఒకటి చోటు తప్పినా గేరు పడే తీరు మారిపోతుంది. తలకిందులుగా బిగించేటప్పుడు అవి రాలిపోకుండా వాసెలిన్ అద్ది నిలుపుతారు. గ్రీజు వాడరు. వాసెలిన్ వేడి నూనెలో కరిగి కలిసిపోతుంది, గ్రీజు కరగకుండా సన్నని దారులకు అడ్డుపడుతుంది. ఇంత చిన్న ఎంపిక వెనక ఇంత కారణం ఉండటమే ఈ పనిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న గుణం.

క్లచ్‌ల దగ్గర ఓపిక పరీక్షకు నిలుస్తుంది. డ్రమ్ము లోపల పిస్టన్, దాని చుట్టూ రబ్బరు సీళ్లు. సీలు పెదవి పలచన; డ్రమ్ములోకి దింపేటప్పుడు మడతపడితే బయటికి తెలియదు. ఆ క్లచ్ కొంతకాలానికే జారి కాలిపోతుంది. అందుకే సీలుకు నూనె రాసి, ఉచ్చుగా వంచిన సన్నని నున్నటి తీగతో పెదవిని చుట్టూ కొంచెం కొంచెంగా లోపలికి సర్దుతూ పిస్టన్‌ను దింపుతారు. బలం పెట్టాల్సి వస్తోందంటే ఏదో తప్పిందని అర్థం. ఆపి, పైకి తీసి, మళ్లీ మొదలుపెడతారు. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను కనీసం అరగంట నూనెలో నానబెడతారు. పొడిగా వేస్తే మొదటి కొద్ది మార్పుల్లోనే వాటి ఉపరితలం మాడిపోతుంది. ప్లేట్లన్నీ వేసి స్నాప్ రింగు బిగించాక ఫీలర్ గేజ్‌తో ఖాళీ కొలుస్తారు. ఒక్కో ఫ్రిక్షన్ ప్లేటుకు అంగుళంలో వెయ్యో వంతులు పది చొప్పున ఉండాలన్నది చాలామంది పాటించే లెక్క. ఎక్కువైతే క్లచ్ ఆలస్యంగా పట్టుకుంటుంది, తక్కువైతే విడివడక రాసుకుంటుంది.

భాగాలన్నీ పెట్టెలోకి చేరాక, వాల్వ్ బాడీ బిగించకముందు చేసే గాలి పరీక్ష ఈ పనికంతటికీ శిఖరం. పెట్టె అడుగున ఒక్కో క్లచ్‌కు నూనె వెళ్లే రంధ్రం కనిపిస్తుంది. అందులోకి కొద్దిపాటి ఒత్తిడితో గాలి ఊదుతారు. లోపల పిస్టన్ కదిలి ప్లేట్లను నొక్కితే ‘టప్’మని గట్టి చప్పుడు వస్తుంది, గాలి తీసేస్తే వెనక్కి వస్తుంది. చప్పుడు రాకుండా ‘సుయ్’మంటూ గాలి కారితే సీలు మడతపడింది, లేదా రింగు విరిగింది. కారుకు బిగించి, నూనె పోసి, రోడ్డెక్కాక తెలియాల్సిన తప్పు బల్ల మీదే తెలిసిపోతుంది. ఈ పరీక్ష మానేసినవాళ్లకు మిగిలిన శ్రమంతా పందెం కాసినట్టే అవుతుంది. డయల్ గేజ్‌తో షాఫ్టు ముందుకూ వెనక్కూ ఎంత ఆడుతోందో చూడటం కూడా ఇలాంటి పరీక్షే; ఆ ఆట హద్దు దాటితే వేర్వేరు మందాల వాషర్లలో తగినది ఎంచి వేస్తారు.

ఇంట్లో చేయలేనివీ ఉన్నాయి, వాటిని ఒప్పుకోవడమూ నైపుణ్యంలో భాగమే. టార్క్ కన్వర్టర్ వెల్డింగుతో మూసేసిన పెంకు. దాన్ని ఇంట్లో కోసి శుభ్రం చేయలేరు. పాత పెట్టె కాలిపోయి ఉంటే ఆ మడ్డి కన్వర్టర్లోనూ ఉంటుంది కాబట్టి బాగుచేసినదాన్ని కొనడమే దారి. రేడియేటర్లోని కూలర్‌లో, దాని గొట్టాల్లో కూడా అదే మడ్డి దాక్కుంటుంది. వాటిని కడగకుండా కొత్తగా కట్టిన గేర్‌బాక్స్ బిగిస్తే పాత చెత్త మొదటి రోజే కొత్త ప్లేట్లలోకి చేరుతుంది.

బిగించేటప్పుడు చాలామందిని ఓడించే చోటు ఒకటుంది. కన్వర్టర్‌ను గేర్‌బాక్స్ మీదికి ఎక్కించేటప్పుడు అది మూడు చోట్ల కూర్చోవాలి: లోపలి షాఫ్టు పళ్ల మీద, స్టేటర్ షాఫ్టు పళ్ల మీద, చివరగా పంపు గాట్లలో. తిప్పుతూ లోపలికి నెడుతుంటే ఒక్కో మెట్టు దిగినట్టు చేతికి తెలుస్తుంది. మూడో మెట్టు దిగకుండానే పెట్టెను ఇంజనుకు ఆనించి బోల్టులతో లాగి బిగిస్తే పంపు పగులుతుంది. అందుకే పెట్టె చేతితోనే ఇంజనుకు సమంగా ఆనాలి, బోల్టు దాన్ని లాక్కోకూడదు. ఆ తర్వాత కూడా కన్వర్టర్ ఇంజన్ ఫ్లెక్స్ ప్లేటు నుంచి మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల దూరంలో ఉండి, చేతితో తిప్పితే తేలిగ్గా తిరగాలి.

చివరగా నూనె. కన్వర్టర్ ఖాళీగా ఉంటే మొత్తం సుమారు తొమ్మిదిన్నర లీటర్లు పడుతుంది. సగం పోసి ఇంజన్ స్టార్ట్ చేసి, పంపు ఎండిపోకుండా మిగతాది వెంటవెంటనే పోస్తారు. ఇంజన్ నూనె నుంచి వేరుగా తెలియడానికి దీనికి ఎర్ర రంగు కలుపుతారు. ప్లేట్లు కుదుపు లేకుండా పట్టుకోవడం కోసం ఒకప్పుడు ఇందులో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చడంతో రసాయన శాస్త్రవేత్తలు వేరే దారి వెతికారు. గేరు మార్పులో మనకు తెలిసే మెత్తదనం లోహానిదే కాదు, నూనెది కూడా.

ఇవాళ హైదరాబాదులో, విజయవాడలో అమ్ముడవుతున్న ఆటోమేటిక్ కార్లు వేరు జాతివి. వాటిలో ఏఎంటీ, సీవీటీ, డ్యూయల్ క్లచ్ లాంటి రకాలున్నాయి. గేరు మార్పును కంప్యూటర్ నడిపిస్తుంది. విప్పి బిగించాక స్కానర్‌తో దానికి మళ్లీ పాఠం చెప్పాలి. వాటిని ఇంట్లో విప్పమని నేను చెప్పను. కానీ టర్బో 350 నేర్పిన క్రమశిక్షణకు కాలం చెల్లలేదు. మీ కారు గేర్‌బాక్స్ ఎప్పుడైనా వర్క్‌షాపులో విప్పాల్సి వస్తే మెకానిక్‌ను మర్యాదగా మూడు సంగతులు అడగండి: పళ్లెంలో ఏం కనిపించింది, కూలర్‌నూ దాని గొట్టాలనూ కడిగారా, మూత వేసేముందు ఏ పరీక్షలు చేశారు? మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే మనిషి దొరికితే అతన్ని వదులుకోకండి. పని తెలిసిన చేతులు అవే.